ఎక్కితే వేడి, దిగితే చలి

మేం అరకు కొండల్లో పోస్టుకి చేరిన రోజు మంచు కురుస్తోంది. మోకాలి లోతు.

ఈ వాక్యం చదివి మా ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. సరే, కురిసింది పొగమంచే. కానీ మోకాలి లోతు అన్నది నిజం. వంగి చూసుకుంటే నా బూట్లు నాకు కనబడలేదు.

తొంభైల చివర్లో ఒక డిసెంబరు. పొద్దున్న ఏడు గంటలు. అరకుకీ అనంతగిరికీ నడుమ ఘాట్ రోడ్డు నుంచి చీలిన మట్టిదారి ఒకటి లోయలోకి దిగి, మళ్ళీ కొండెక్కి ఆగిపోతుంది. అది ఆగిన చోట మా పోస్టు. ఇసుక బస్తాలు పేర్చి రేకులు కప్పిన బంకరు, ఒక టెంటు, ఒక యాంటెన్నా. తీరంలో మాట్లాడిన మాటని రేడియోలో పట్టుకుని కొండల అవతలికి అందించడం మా డ్యూటీ. యుద్ధం లేదు. మా ఊళ్ళో పిల్లలకి మాత్రం ఉందనే చెప్పాను.

నలుగురం. సుబేదార్ సాబ్ మా కమాండరు. గఢ్వాల్ మనిషి, హిందీ తప్ప మాట్లాడడు. ఆయన మాటల్ని నేనే తెలుగులో పెడుతున్నాను. రేడియో ఆపరేటర్‌ది శ్రీకాకుళం. వాడి నోరు మూతపడగా నేను చూడలేదు. మందులూ సూదులూ చూసే నర్సింగ్ అసిస్టెంట్ రోజుకి పది మాటలకి మించి వాడడు. నేను డ్రైవర్ని. ఫౌజులో డ్రైవర్ని ఉస్తాద్ అంటారు.

మాకిచ్చిన బండి ఒక పాత అంబులెన్సు. ఉత్తరాన మంచు కొండల్లో పనిచేసి, ముసలిదై, తీరానికి బదిలీ అయి వచ్చింది. దాని వెనక గదిలో హీటర్ ఉంది. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు గొట్టాల్లోంచి వెనక్కి వచ్చి, తలుపు పక్కన గోడకి బిగించిన ఇనుప పెట్టెలో తిరిగి వెళ్తాయి. పెట్టె వెనక ఫ్యాను. వేడి నీళ్ళ మీదుగా వీచిన గాలి వెచ్చగా బయటికి వస్తుంది. హీటరంటే అంతే. బండి మాకు అప్పగించే ముందు డిపోలో ఆ నీళ్ళన్నీ వంపేసి, చిట్లిన గొట్టం ఒకటి మార్చి, మళ్ళీ నీళ్ళు పోశారు. హీటర్ వేసి చూడలేదు. చొక్కా ఒంటికి అంటుకుపోయే ఊళ్ళో హీటర్ వేసి చూసేదెవరు?

బ్యాటరీ కూడా ముసలిదే. చలికి సెల్ఫ్ తిరిగేది కాదు. సుబేదార్ సాబ్ మొదటి రోజే ఆర్డరిచ్చాడు.

“ఉస్తాద్, బండి ఎప్పుడు ఆపినా వాలు మీద ఆపాలి. ముఖం కిందికి. బ్రేకు వదిలితే దొర్లాలి, గేరు వేస్తే స్టార్టవ్వాలి.”

“జీ, సాబ్.”

పోస్టు ముందు దారి బాగా వాలుగా ఉండేది. రోజూ ఐదింటికి, ముక్కు లోయవైపు వంచి నిలబడ్డ ఆ బండి బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు చూసేవాణ్ణి. రోజూ మూతి దాకా ఉండేవి. మూత బిగించి, తృప్తిగా టీకి పోయేవాణ్ణి.

మా కొండ కింద పనసగుడ అని చిన్న ఊరు. రాగి చేలు, నీడ చెట్ల కింద కాఫీ మొక్కలు. మేం వచ్చిన వారానికి అక్కణ్ణుంచి ఒకామె రొప్పుతూ ఎక్కి వచ్చింది. పేరు గుర్బారి. గురువారం పుట్టింది కాబట్టి ఆ పేరు. ఆమె కూతురు శుక్రవారం పుట్టింది, సుక్రి. పద్దెనిమిదేళ్ళ పిల్ల.

“బాబూ, మా గుంటకి ఎముకల్లో నొప్పి. నిన్నట్నించి ఏడుత్తంది. మీకాడ మందుల బండి ఉంది గదా. బేగి రండి బాబూ.”

నర్సింగ్ అసిస్టెంట్ దిగి వెళ్ళి చూసి వచ్చాడు. “సికిల్ సెల్,” అన్నాడు. “రక్తంలో కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. పుట్టుకతో వస్తుంది. చలి తగిలితే ఆ కణాలు రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు నొప్పి. వెచ్చగా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.” రెండు రోజుల మాటల కోటా ఒక్కసారే వాడేశాడు. అప్పుడే తెలిసింది సంగతి చిన్నది కాదని.

ఆపరేటర్ రేడియో సెట్టు అందుకున్నాడు.

“తీరం, తీరం, కొండ మాట్లాడుతోంది. సివిలియన్ పేషెంటు. అరకు ఆసుపత్రికి మన బండిలో తీసుకెళ్ళడానికి అనుమతి కావాలి. ఓవర్.”

“ఎవరి బాధ్యత మీద? ఓవర్.”

సుబేదార్ సాబ్ వాడి చేతిలోంచి తీసుకున్నాడు. “నాది,” అన్నాడు. ఓవర్ అనడం కూడా మరిచిపోయి సెట్టు కింద పెట్టేశాడు.

సుక్రిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. రెండు కంబళ్ళు కప్పాం. హీటర్ మీట నొక్కి, గుర్బారితో నేను కోతలు కోశాను. “అక్కా, ఇది హిమాలయాల్లో పనిచేసిన హీటరు. అక్కడ దీని వేడికి మంచు కరిగి వాగులయ్యేవి.” ఊరి నుంచి ఘాట్ రోడ్డు దాకా ఎక్కుడు. వెనక గది నిజంగానే వెచ్చబడింది. గుర్బారి మెచ్చుకోలుగా తల ఊపింది. రోడ్డెక్కి అరకు వైపు దిగడం మొదలుపెట్టాం. ఫ్యాను అదే జోరుగా తిరుగుతోంది. గాలి మాత్రం ఊటనీళ్ళలా చల్లగా వచ్చింది. మీట ఆపాను. ఆ రేకుల గదిలో ఉన్న కాస్త వేడీ పోయింది. సుక్రి ముడుచుకుపోయి మూలగడం మొదలుపెట్టింది.

“ఏటి బాబూ, ఏటి సేత్తన్నావు? మీ మిలట్రీ బండి మాకన్నా ముందే సలికి జడిసిపోనాది!”

ఇంతలో గోడకున్న ఇనుప పెట్టెలో గుడగుడమని చప్పుడైంది.

“కడుపులో గాలి సేరింది బాబూ దీనికి. వాము పెట్టు,” అంది గుర్బారి. అంత నొప్పిలోనూ సుక్రి నవ్వింది. నవ్వు మధ్యలోనే మళ్ళీ మూలుగు అందుకుంది.

అరకులో డాక్టరమ్మ నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం పరీక్ష చూసి పెదవి విరిచింది. “ఒంట్లో రక్తం చాలా తక్కువగా ఉంది. ఎక్కించాలి. ఇక్కడ లేదు. వచ్చే సోమవారానికి విశాఖలో ఏర్పాటు చేయిస్తాను. మీరు తీసుకెళ్ళండి. కానీ దారిలో చలి తగలనివ్వకండి. ఇంత తక్కువ రక్తంతో ఇంకో నొప్పి వస్తే నేను హామీ ఇవ్వలేను.”

నెగడి పక్కనే వెచ్చగా ఉంటుందని గుర్బారి కూతుర్ని ఇంటికి తెచ్చేసుకుంది.

సోమవారానికి వారం ఉంది. బస్సుల కిటికీలకి అద్దాలు సరిగా ఉండవు. జీపులకి పక్కలే ఉండవు. మిగిలింది మా బండి. విశాఖ వెళ్ళాలంటే ముందు రోడ్డు కొండ దాటే కనుమ దాకా ఎక్కాలి, ఆ తర్వాత మైదానం దాకా అంతా దిగడమే. మా హీటర్ ఎక్కేటప్పుడు వేడి, దిగేటప్పుడు చలి.

బండి మీద చెయ్యి పెడితే చాలు, జబ్బేమిటో చెప్పేస్తానని నాకు పేరు. ఆ పేరు పెట్టింది నేనే. ఈసారి చెయ్యి పెట్టాను, చెవి పెట్టాను, చివరికి దణ్ణం కూడా పెట్టాను.

మొదట ఫ్యాను చూశాను. చలిలోనూ జోరు తగ్గడం లేదు కాబట్టి దాని తప్పు లేదు. నీళ్ళని వెనక్కి వదిలే కుళాయి కుదుపులకి మూసుకుపోతోందేమోనని దాన్ని తెరిచిపెట్టి తీగతో కట్టేశాను. మార్పు లేదు. ఆ తర్వాత థర్మోస్టాట్ మీద అనుమానం. ఇంజను తగినంత వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌లోకి వదిలే చిన్న బిళ్ళ అది. ఊడదీసి, టీ గిన్నెలో మరుగుతున్న నీళ్ళలో వేశాను. చక్కగా తెరుచుకుంది. ఆ పూట టీ డీజిల్ వాసన కొట్టింది. ఆపరేటర్ రెండు గ్లాసులు తాగి, ఒంట్లో చురుకు పుట్టిందన్నాడు.

సుబేదార్ సాబ్‌కి ఒక లెక్క తోచింది. “ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది, కాగుతుంది. దిగేటప్పుడు విశ్రాంతి, చల్లారుతుంది. అంతే కదా?”

నాకూ నచ్చింది. కానీ శనివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ మీద దిగుతూ, వేడి చూపించే ముల్లు మీదే కన్నుంచాను. ముల్లు కదల్లేదు. ఇంజను వేడిగానే ఉంది. బండి ఆపి కిందికి దూరి గొట్టాలు తడిమాను. వెనక్కి వెళ్ళే గొట్టం ఇంజను దగ్గర చురుక్కుమంది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి చల్లగా ఉంది. అంటే నీళ్ళు కాగుతున్నాయి, పెట్టెలో తిరగడం లేదు. దిగేటప్పుడే ఎందుకు తిరగవు?

జవాబు మెరుపులా తట్టిందని పాత మిత్రులు కలిసినప్పుడల్లా చెబుతుంటాను. మెరుపు కాదు. నీళ్ళు పట్టే జెర్రీకాన్.

ఆదివారం మధ్యాహ్నం. తెల్లారితే సోమవారం. కొండ ఊటకి అమర్చిన వెదురు గొట్టం దగ్గర ఆపరేటర్ నీళ్ళు పడుతున్నాడు. గొట్టం నేలకి దగ్గరగా ఉంటుంది. కాన్‌ని పట్టుకు నిలబడ్డానికి బద్ధకించి, వాలు మీద పడుకోబెట్టాడు. మూతి లోయవైపు, అడుగు కొండవైపు. పక్కన రాయి మీద కూర్చుని పాటందుకున్నాడు. కాసేపటికి మూతిలోంచి నీళ్ళు పొర్లాయి. లేచి ఎత్తాడు.

“ఏటన్నా ఇది? నిండిపోయి కారిపోతంది. ఎత్తితే సగం కూడా లేదు!”

“మూతి కిందికి పెట్టి పడుకోబెడితే వెనకున్న గాలి ఎలా బయటికొస్తుందిరా, బుద్ధిలేనోడా? మూతి పైకి పెట్టు!”

తిట్టిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తల తిప్పి బండి వైపు చూశాను. ముక్కు లోయవైపు. మూతి కిందికి.

మేం వచ్చిన రోజు నుంచి అది అలాగే నిలబడింది. రేడియేటర్ మూతి ముందు, పల్లంలో. హీటర్ పెట్టె వెనక, మెరకలో. గొట్టం మార్చినప్పుడు లోపల చేరిన గాలి ఆ పెట్టెలోనే మిగిలిపోయింది. నేను రోజూ మూతి దగ్గర నిండుగా ఉన్న నీళ్ళు చూసి తృప్తిపడ్డాను. బండి కొండెక్కితే ముందు భాగం పైకి లేస్తుంది, గాలి అటు పోతుంది, పెట్టెలోకి నీళ్ళొస్తాయి, వేడి. దిగితే గాలి మళ్ళీ పెట్టెలోకి, చలి. కడుపులో గాలి చేరిందని గుర్బారి వేళాకోళానికి అన్నది అక్షరాలా నిజం. వాము ఒక్కటే తప్పు.

మందు తేలికే. బండిని ముఖం పైకి తిప్పి నిలబెట్టి, మూత తీసి, ఇంజను నడుపుతూ నీళ్ళు పోయాలి. అడ్డం ఒక్కటే, ఆర్డరు. సుబేదార్ సాబ్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డాను.

“సాబ్, బండి ముఖం పైకి తిప్పాలి.”

“ఆర్డర్ ఏమిటి?”

“కిందికి, సాబ్.”

“ఎందుకిచ్చానో తెలుసా?”

“బ్యాటరీ, సాబ్.”

“ఉత్తరాన ఒకసారి బండి ముఖం పైకి ఉండిపోయింది. పొద్దున్న స్టార్టవలేదు. వెనక స్ట్రెచర్ మీద మా యూనిట్ కుర్రాడున్నాడు.” అక్కడితో ఆపేశాడు.  తర్వాత, “తిప్పు,” అన్నాడు.

“ఆగిపోతే, సాబ్?”

“ఆగిపోతే చూద్దాం. రేపు ఆ అమ్మాయి వెళ్ళాలి.”

చక్రాల కింద పెట్టడానికి పెద్ద రాయి ఒకటి ఆయనే మోసుకొచ్చాడు. ముఖం కొండవైపు తిప్పి నిలబెట్టాను. మూత తీశాను. ఇంజను నడుస్తుండగా నీళ్ళు కాసేపు కదలకుండా ఉన్నాయి. వెనక పెట్టెలో గుడగుడలు మొదలయ్యాయి. రేడియేటర్ మూతిలో ఇంత బుడగ లేచి పగిలింది. ఇంకోటి. ఇంకోటి. నీళ్ళు గబుక్కున కిందికి జారాయి. పోశాను. తాగేసింది. మళ్ళీ పోశాను. ఆపరేటర్ కాన్‌లో సగం నీళ్ళు తాగాక గుడగుడలు ఆగాయి. నర్సింగ్ అసిస్టెంట్ లోపలికి దూరి పెట్టె మీద చెయ్యి పెట్టి, “వేడి,” అన్నాడు.

మూత బిగించి ఎగిరి గంతేశాను. సరిగ్గా అప్పుడే ఇంజను దగ్గి ఆగిపోయింది.

సెల్ఫ్ నొక్కితే టక్కుమంది, అంతే. ముఖం కొండకి. వెనక్కి దొర్లిద్దామంటే బంకరు గోడ. సాయంత్రం నాలుగు.

“నా సెట్టు బ్యాటరీ వైపు సూడకన్నా,” అన్నాడు ఆపరేటర్. “దాన్నడిగితే నా ప్రాణం అడిగినట్టే.” అది కదిపితే డ్యూటీ ఆగిపోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు.

సుబేదార్ సాబ్ రాయి పక్కన నిలబడి, బండి వెనక తలుపు వైపు చాలాసేపు చూశాడు. ఆయన ఏ ఉదయాన్ని చూస్తున్నాడో నాకు తెలుసు.  ఆపరేటర్ అప్పటికే కొండ దిగి పనసగుడ వైపు పరుగెత్తుతున్నాడు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా ఆసుపత్రికి మోయాలంటే డోలీ కర్ర ఆ ఇంటి ముందు నిలబెడతారు. అది చూసి ఇంటికొకరు వచ్చేస్తారు. పిలవరు, బతిమాలరు. ఆ రోజు సుక్రి ఇంటి ముందు కర్ర ముందే నిలబడి ఉంది. మా బండి మీద వాళ్ళకి అంత నమ్మకం మరి. మోసేవాళ్ళు, తాళ్ళు, అంతా సిద్ధం. పావుగంటలో ఆ జనం మొత్తం కర్రతో సహా పైకొచ్చేశారు. ముందు గుర్బారి.

“మా గుంటకని కట్టిన డోలీ, మీ బండికి కట్టాల్సొచ్చింది గదా బాబూ!”

తాళ్ళు ముందొకటి, వెనకొకటి కట్టారు. ఒక ముసలాయన వాళ్ళ భాషలో ఒక పిలుపు అందుకున్నాడు. అందరూ బదులిచ్చారు. బదులిచ్చినప్పుడల్లా బండి జానెడు జరిగింది. సుబేదార్ సాబ్ టోపీ జేబులో పెట్టుకుని, గుర్బారి పక్కన భుజం ఆనించాడు. నా ఒక్కడి భుజబలంతో బండి తిరిగిందని తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పాను. నేను లోపల స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

ముఖం బంకరు గోడ దాటి లోయవైపు వచ్చింది. బ్రేకు వదిలాను. దొర్లింది. గేరు వేశాను. అంటుకుంది. వెనక గదిలోకి ఎక్కేసిన ఆపరేటర్ అరుపులు.

“వేడన్నా! వేడి! కిందికి దిగుతున్నాం, వేడే!”

సోమవారం పొద్దున్న ఐదుంపావు. అద్దానికి అవతల తెల్లటి గోడలా పొగమంచు. స్ట్రెచర్ మీద సుక్రి, పక్కన గుర్బారి, మందుల పెట్టెతో నర్సింగ్ అసిస్టెంట్. నా పక్క సీట్లో చిన్న రేడియో సెట్టు. లైట్ల వెలుగులో తెల్ల గీత పట్టుకుని కనుమ దాకా ఎక్కాను. అసలు పరీక్ష అక్కణ్ణుంచి.

“కొండ, కొండ, బండి మాట్లాడుతోంది. కనుమ దాటాం. దిగుతున్నాం. ఓవర్.”

“వేడా, చలా? ఓవర్.” ఆపరేటర్ గొంతు మొదటిసారి పొదుపుగా వినిపించింది.

మూడు మలుపులు తిరిగే దాకా జవాబివ్వలేదు. వెనక మూలుగు వినబడుతుందేమోనని చెవులు అటే పెట్టాను. వినబడలేదు. వెనక గదికి ఉన్న చిన్న కిటికీలోంచి గుర్బారి గొంతు వచ్చింది.

“బాబూ, కొంచెం తగ్గించీ. ఉడికిపోతన్నాం.”

నేను తగ్గించలేదు. సెట్టు అందుకుని, “వేడి. ఓవర్,” అన్నాను.

కాసేపు గరగర. తర్వాత సుబేదార్ సాబ్. “శభాష్, ఉస్తాద్.” ఈసారీ ఓవర్ అనలేదు.

తొమ్మిది కాకముందే విశాఖ ఆసుపత్రిలో ఉన్నాం. రక్తం ఎక్కించారు. సుక్రికి దారిలో నొప్పి రాలేదు. గురువారం ఇంటికి తిరిగొచ్చింది, ముందు సీట్లో కూర్చుంటానని పేచీ పెట్టి, కూర్చుని.

ఫిబ్రవరి చివర్లో మాకు తిరుగు ఆర్డరొచ్చింది. యాంటెన్నా దించాం. ఇసుక బస్తాలు దులిపాం. పనసగుడ వాళ్ళు రాగిపిండి, పసుపు, ఒక గంప అరటిపళ్ళు తెచ్చి బండిలో పెట్టారు. వద్దంటే గుర్బారి కసిరింది. “తినండి బాబూ. కండ పడితే ఈసారి మీ బండి మీరే తిప్పుకోవచ్చు.” సుబేదార్ సాబ్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా ఆమెకి సెల్యూట్ చేశాడు. మా ఆఫీసర్లకి కూడా అంత నిటారుగా చేయగా చూడలేదు.

కొన్నేళ్ళ తర్వాత, పెన్షన్ తీసుకుంటున్న రోజుల్లో, మా ఆవిడతో రైల్లో అరకు వెళ్ళాను. సంతలో పసుపు అమ్ముతూ సుక్రి కనబడింది. ఎండలో రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చుంది. మందులు వాడుతున్నానంది, అవసరమైనప్పుడు కిందికి దిగి రక్తం ఎక్కించుకుంటున్నానంది. “డ్రైవరు బాబూ, బండి ఎవలు తిప్పినారో మీ ఆవిడికి నిజం సెప్పినావా?” అని అడిగింది. మా ఆవిడ నా వైపు తిరిగింది. అప్పట్నుంచి నేను రాసేవన్నీ ముందు ఆమె చదువుతుంది.

ఇరవై ఏళ్ళ నౌకరీలో నాకు మెడల్ లేదు. ఉందని చెప్పిన చోట్లు ఉన్నాయి. ఒక్క మాటతో బాధ్యత నెత్తిన వేసుకున్న సుబేదార్ సాబ్, బద్ధకం చూపి దారి చూపిన ఆపరేటర్, పిలవకుండా వచ్చిన ఆ ఇంటికొక్కరు – వీళ్ళందరితో కలిసి ఒక చలికాలం గడిపాను. అది చాలు. ఈ పేరాలో నేను ఏదీ పెంచలేదు.

ఆ సోమవారం, ఘాట్ దిగుతూ, ఒక మలుపులో పొగమంచు విడిపోయి ఎండ పడింది. చిన్న కిటికీలోంచి వెనక్కి చూశాను. గుర్బారి గోడకి చేరగిలి నిద్రపోతోంది. సుక్రి కంబళ్ళు రెండూ తన్నేసింది. కాళ్ళు బారచాపి, రెండు అరికాళ్ళూ హీటర్ రేకు మీద ఆనించి పడుకుంది. గాలి తగిలినప్పుడల్లా కాలివేళ్ళు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, మళ్ళీ విచ్చుకుంటున్నాయి.